తువ్వాల కింద ధర

ఈసారి పోస్టు పొడుగైంది. మడికి నీళ్లు పారుతున్నప్పుడు మోటార్ కాడ కూసొని చదువుండ్రి.

పోయిన నెల మా తమ్ముని కొడుకు వచ్చి, "పెద్దనాయినా, రేపు ట్రాక్టర్ చూడనీకి పోతున్న, నువ్వు గూడ రా" అన్నాడు. వానికున్నది నాలుగున్నర ఎకరాలు. కిరాయికి దున్ని బతుకుదామని ఆలోచన. పాత ట్రాక్టర్ ఇచ్చేసి, మిగతాది ఫైనాన్స్ పెట్టి, అవసరమైతే రెండెకరాల పాస్‌బుక్ బ్యాంకుల పెడతానన్నాడు. పాస్‌బుక్ మాట వినంగనే నాకు నిద్ర పట్టలేదు. వెంట పోయిన.

షోరూంల ఏసీ, చల్లటి నీళ్లు, చాయ్. మేనేజర్ మంచిగనే మాట్లాడాడు. ధర అడిగితే మాత్రం నోటితో చెప్పలేదు. క్యాలిక్యులేటర్ మీద టకటక కొట్టి, అరచేయి అడ్డం పెట్టి, మావోని దిక్కు తిప్పి చూపించాడు. "ఇది మీకొక్కలకే అన్నా, బయట చెప్పకుండ్రి" అన్నాడు. మావోడు మురిసిపోయాడు. నాకు మాత్రం పెబ్బేరు సంత యాదికొచ్చింది.

మా దిక్కు వాళ్లకు పెబ్బేరు సంత చెప్పే పనిలేదు. శనివారం సంత, ఎడ్లకు పేరు. నా చిన్నప్పుడు మా నాయిన వెంట పోయేవాణ్ణి. ఎద్దు పళ్లు చూసుడు, నడిపించి చూసుడు, సుడులు చూసుడు, ఇదంతా పది మంది ముందరనే. ధర కాడికి వచ్చేసరికి దళారి భుజం మీది తువ్వాల తీసి తన చేయి మీద, అమ్మేటోని చేయి మీద కప్పేటోడు. దాని కింద వేళ్లతోనే బేరం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు, గుప్పిట మొత్తం పట్టుకుంటే అయిదు. వందలా వేలా అన్నది మాత్రం పైకి అనేటోళ్లు. కొనేటోని దిక్కు వచ్చి మళ్లీ అదే తువ్వాల, కానీ వేళ్లు వేరు. అమ్మినోనికి ఎంత ముట్టింది, కొన్నోడు ఎంత ఇచ్చిండు, ఈ రెండూ తెలిసినోడు దళారి ఒక్కడే. నడుమ ఉన్నదే వాని బతుకు. పక్కన నిలబడ్డ పదిమందికి పళ్లు తెలుస్తయి, ధర తెలియదు. అందుకే వచ్చే శనివారం వచ్చే రైతు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

సంతల తువ్వాల ఉండేది, షోరూంల అరచేయి ఉన్నది. ట్రాక్టర్ ముందుగాల మన దగ్గరికి రాలేదు గదా, అది పెరిగిన దేశంలో రైతులు ఈ తువ్వాలను ఎట్లా గుంజిండ్రో చూద్దాం. అక్కడ గూడ మనలాంటోని కథే.

అమెరికాలో నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం. మక్కలు, గోధుమలు పండే జాగ. అక్కడ పోల్క్ కౌంటీలో విల్మట్ క్రోజియర్ అనే రైతు 1916 ప్రాంతంలో ఒక ట్రాక్టర్ కొన్నాడు. బానెట్ మీద 'ఫోర్డ్' అని ఉంది. అందరూ కార్ల హెన్రీ ఫోర్డ్ అనుకున్నారు. అసలు సంగతి ఏమంటే, అది మినియాపోలిస్‌లోని వేరే కంపెనీ. ఫోర్డ్ అనే ఇంటిపేరున్న ఒకతన్ని కంపెనీలో పెట్టుకొని ఆ పేరు వాడుకుంది. ట్రాక్టర్ పని చేయలేదు. ఇంకో కంపెనీది కొంటే అదీ అంతే. మూడోసారి రమ్లీ ట్రాక్టర్ తెచ్చాడు. మూడు నాగళ్లు లాగుతదని చెప్పి అమ్మితే, అది అయిదు లాగింది. చెప్పిన దానికన్నా ఎక్కువ చేసే బండి ఉంది, చెప్పిన దాంట్లో సగం చేయని బండి ఉంది, రెంటినీ అమ్మేటోడు ఒకే నోటితో పొగుడుతాడు. రైతుకు తేడా తెలిసేది పైసలు కట్టినాకనే.

క్రోజియర్ ఊరికే తిట్టుకొని ఊరుకోలేదు. శాసనసభకు ఎన్నికై 1919లో ఒక చట్టం తెచ్చాడు. నెబ్రాస్కాలో ట్రాక్టర్ మోడల్ అమ్మాలంటే ముందు రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించాలి, కంపెనీ చెప్పిన బలం ఉందో లేదో కొలవాలి, ఫలితం బయట పెట్టాలి. ఇంకోటి, విడిభాగాలు ఆ రాష్ట్రంలోనే దొరికేటట్టు కంపెనీ ఏర్పాటు చేయాలి. స్పేర్ పార్టు కోసం సీజన్‌లో పదిరోజులు తిరిగినోనికి ఆ రెండో షరతు విలువ తెలుస్తది. 1920లో పరీక్షలు మొదలైనయి. వాటర్లూ బాయ్ అనే ట్రాక్టర్‌ది మొదటి పరీక్ష.

ఇది ధర మీద చట్టం కాదు. కానీ బేరానికి మొదటి మెట్టు ఇదే. ఏం కొంటున్నవో తెలియకుండ ఎంత ఇయ్యాల్నో ఎట్లా తెలుస్తది?

మన దేశంలో గూడ ఆ ఏర్పాటు ఉంది, మనం వాడుకోము, అంతే. మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ 1955లో పెట్టారు. ట్రాక్టర్ల పరీక్ష అక్కడ. మన తెలుగు నేల మీద అనంతపురం జిల్లా గార్లదిన్నెలో గూడ కేంద్రానిదే ఇంకో సంస్థ ఉంది. పవర్ టిల్లర్లు, ఇతర యంత్రాలు అక్కడ పరీక్షిస్తారు. టెస్ట్ రిపోర్టులో ఇంజన్ హెచ్‌పీ కాదు చూడాల్సింది. వెనక పీటీఓ కాడ ఎంత వస్తున్నది, డ్రాబార్ మీద ఎంత లాగుతున్నది, గంటకు డీజిల్ ఎంత తాగుతున్నది, అవి చూడాలి. రోటవేటర్ తిప్పేది పీటీఓ, స్టిక్కర్ కాదు. మావోనికి మేనేజర్ చూపిస్తున్న బండి మీద 50 అని పెద్ద అక్షరాలున్నయి. "పీటీఓ ఎంత తమ్మీ, టెస్ట్ రిపోర్ట్ చూపియ్" అన్న. సేల్స్ పిలగాడు లోపలికి పోయి చాలాసేపటికి వచ్చాడు. అప్పటినుంచి మాతోటి మాట్లాడే తీరు మారింది, ఇది నిజం.

ఇగ ధర కథ. ఇది గూడ అక్కడిదే, కానీ తమాషా కథ.

అసలు హెన్రీ ఫోర్డ్ ట్రాక్టర్ పేరు ఫోర్డ్‌సన్. 1922 జనవరిలో ఆయన ఆ ట్రాక్టర్ ధరను ఒక్క దెబ్బతో 625 డాలర్ల నుంచి 395కు దించాడు. అంటే 230 డాలర్లు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే పెద్ద కంపెనీ అప్పుడు కొత్త బండ్ల మీద పని చేస్తున్నది, గోదాములల్ల పాత సరుకు ఉంది. ఆ కంపెనీ పెద్దమనిషి అలెగ్జాండర్ లెగ్గీకి ఫోన్‌లో ఈ వార్త చెపితే, మొదట నమ్మలేదంట. తర్వాత కోపంతోటి, మనం గూడ తగ్గించుండ్రి, పైన ఒక నాగలి గూడ ఇచ్చుండ్రి అన్నాడంట. అన్నట్టే టైటాన్ ట్రాక్టర్‌ను 700 డాలర్లకు దించి నాగలి ఉచితంగా ఇచ్చారు. అంతేకాదు, ఫోర్డ్‌సన్ డీలర్ ఏ పొలంలో ప్రదర్శన పెడితే ఆ పొలానికి హార్వెస్టర్ డీలర్ తన బండి తోలుకొని పోయి, దా దున్నుదాం అని పందెం కట్టేవాడు. రైతులు గట్టు మీద కూసొని చూసేవాళ్లు.

చూడుండ్రి, మొన్నటిదాకా 625కు ఒక్క పైసా తక్కువ కాదన్న ధర తెల్లారేసరికి 395 అయింది. ఇనుము రాత్రికి రాత్రి చవక కాలేదు. ట్రాక్టర్ ధరలో ఎంత జాగా ఉంటదో ఆ ఏడాది రైతులకు కళ్లారా కనబడింది. ఇయ్యాల మన షోరూంల "కల్టివేటర్ ఫ్రీ, హుడ్ ఫ్రీ" అంటుంటే నాకు ఆ నాగలే యాదికొస్తది. ఫ్రీ అన్నది ఎదురు దుకాణం ఉన్నప్పుడే పుట్టే మాట.

(ఒక మాట, ఆ పోటీలో చానా చిన్న కంపెనీలు మునిగిపోయినయి. వాళ్ల బండ్లు కొన్న రైతులకు తర్వాత పార్టులు దొరకలేదు. అగ్గువ ఒక్కటే చూసుకోవద్దని దీని అర్థం. ఫోర్డ్ గూడ 1928 కల్లా అమెరికాలో ఫోర్డ్‌సన్ తయారీ ఆపేశాడు.)

ఆ హార్వెస్టర్ కంపెనీనే 1963లో మహీంద్రా వాళ్లతో కలిసి మన దేశం వచ్చింది. బి-275 అంటే మన పెద్దమనుషులకు తెలుసు. కానీ ఇక్కడికి వచ్చేసరికి కథ తలకిందులైంది.

మన దగ్గర ట్రాక్టర్ తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే, మాస్సీ ఫెర్గూసన్. అంతకు ముందు మొత్తం దిగుమతులే. తర్వాత అరవైల చివర కొత్త వంగడాలు, ఎరువులు, బోర్లు వచ్చినయి. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు, ఊళ్లకు అప్పులు రావడం మొదలైంది. అందరికీ ఒకేసారి ట్రాక్టర్ కావాలి. ఉన్న బండ్లు కొన్నే. సర్కారు 1967లో ధరల మీద కంట్రోల్ పెట్టింది. 1971లో పంపిణీ, అమ్మకాల మీద గూడ కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. రష్యా, చెకోస్లోవాకియా, రుమేనియా దేశాల బండ్లు దిగుమతి చేసి రాష్ట్రాలకు పంచేవారు. మన ఆంధ్రప్రదేశ్‌లో అగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్ 1968లో పుట్టిన కాలం అదే.

కాగితం మీద ఇది రైతు మేలు కోసమే. ధర సర్కారుదే, ఎవ్వడూ ఎక్కువ తీసుకోవద్దు. కానీ సరుకు లేనప్పుడు కంట్రోల్ ధర అంటే ఏమైతదో మనకు తెలుసు. స్కూటర్ల సంగతి గూడ అంతే. బజాజ్ స్కూటర్ బుక్ చేస్తే ఏండ్లకేండ్లు ఎదురు చూసేవారు. కట్నంలో స్కూటర్ అంటే బండి కాదు, బుకింగ్ కాగితం అని మా అమ్మ నవ్వేది.

మా పెద్దబాపు (మా నాయిన అన్న) డెబ్భైలల్ల జీటర్ కొన్నాడు. కొన్నడు అనుడు తప్పు, దొరకపట్టిండు. వరుసలో ఎప్పుడొస్తదో తెలియక, ముందు వచ్చిన ఇంకో ఊరాయన వంతు తను తీసుకున్నాడు. నడుమ ఒక మధ్యవర్తి. బిల్లు మీద కంట్రోల్ ధర ఉంది. పైన ఇచ్చింది చేతి నుంచి చేతికి, రాత్రిపూట. ఆ పై డబ్బు కోసం ఎనిమిది తులాల బంగారం పోయింది, అది ఏ రసీదులో లేదు. మా పెద్దమ్మ ఆ ట్రాక్టర్ ఎన్నడూ ఎక్కలేదు. "నా మెడల దండ దాని చక్రాలకున్నది" అనేది. అప్పట్ల బేరం మాటే లేదు. అమ్మేటోని ముందు కొనేటోడు చేతులు కట్టుకొని నిలబడేది. ఇయ్యాల్టికీ మన పెద్దమనుషులు షోరూంల కుర్చీ చివర కూసుంటరు, చూడుండ్రి. అలవాటు ఆ కాలంది.

తర్వాత కంట్రోల్ పోయింది, పోటీ పెరిగింది. 1971లో పింజోర్‌లో హెచ్ఎంటీ వచ్చింది. 1974లో స్వరాజ్ వచ్చింది, దుర్గాపూర్‌లోని మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ గీసిన నమూనా, పంజాబ్‌లో తయారీ. 1991 తర్వాత ఇంకా కంపెనీలు. ఇయ్యాల దేశంలో ఏడాదికి లక్షలకొద్దీ ట్రాక్టర్లు అమ్ముడు పోతున్నయి. డీలర్‌కు నెలనెలా టార్గెట్ ఉంటది, యార్డులో నిలబడ్డ ప్రతి బండి మీద వానికి వడ్డీ పడుతుంటది. అంటే ఎదురు చూసేది ఇప్పుడు వాడు, మనం కాదు. కానీ మనం ఇంకా డెబ్భైలల్లనే ఉన్నం.

ఎందుకంటే తువ్వాల అట్లనే ఉంది. పురుగుమందు డబ్బా మీద ఎంఆర్‌పీ ఉంటది, బిస్కెట్ పొట్లం మీద ఉంటది. ఏడెనిమిది లక్షల ట్రాక్టర్ మీద ఉండదు. అమెరికాలో 1958లో మన్రోనీ అనే సెనేటర్ తెచ్చిన చట్టంతో కొత్త కారు అద్దం మీద కంపెనీ ధర చీటీ అంటించాల్సి వచ్చింది. అది గూడ కార్లకే. దాని మీద గూడ బేరం నడుస్తది అనుకోండి, కానీ ఎక్కడ మొదలుపెట్టాల్నో కొనేటోనికి తెలుస్తది. మన దగ్గర మొదలే వాని చేతిలో ఉంది.

ఇప్పుడు మావోని లెక్కకు వద్దాం. మేనేజర్ ఇచ్చిన కొటేషన్ ఇది: ట్రాక్టర్ 7,62,000. ఇన్సూరెన్స్ 19,500. రిజిస్ట్రేషన్ 14,000. హుడ్, బంపర్, హుక్కు సామాను 22,000. హ్యాండ్లింగ్ అని 7,500. మొత్తం 8,25,000.

"పోయిన ఏడాది ఇదే బండి 7,84,000 ఉండె అన్నా, మీకు 22,000 తగ్గించిన" అన్నాడు. మావోడు నా దిక్కు చూసిండు, మంచిగనే ఉంది గదా అన్నట్టు. ఇక్కడే చానామంది పడిపోతున్నరు, కొంచెం నిదానంగ చదువుండ్రి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ట్రాక్టర్ మీద 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతం అయింది. పోయిన ఏడాది 7,84,000 అంటే అసలు ధర 7,00,000, పన్ను 84,000. ఇప్పుడు అదే 7,00,000 మీద పన్ను 35,000. అంటే ఎవ్వరూ ఒక్క రూపాయి తగ్గించకుండనే బండి 7,35,000 కావాలి. "కంపెనీ అసలు ధర పెంచిందా?" అని అడిగిన. లేదన్నడు. మరి 49,000 సర్కారు తగ్గిస్తే మాకు 22,000 చూపిస్తున్నవు, మిగతా 27,000 ఎటు పోయినయి అన్న. మేనేజర్ క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి చాయ్ తెప్పించాడు.

మేము ఆ రోజు కొనలేదు. ఇది ముఖ్యం. అడ్వాన్స్ గూడ కట్టలేదు. లేచి, అదే కంపెనీది పక్క జిల్లాలో ఉన్న ఇంకో షోరూంకు పోయినం, తర్వాత వేరే కంపెనీ షోరూంకు. మూడు చోట్లా ఒక్కటే అడిగినం, ప్రతి పైసా విడివిడిగా కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇయ్యుమని. ఒకడు ఇయ్యనన్నడు. ఇయ్యనన్నోని కాడికి మళ్లీ పోలేదు.

పాత ట్రాక్టర్ మాట నేను చివరిదాకా ఎత్తనీయలేదు. మావోడు మొదటి రోజే చెప్పేసినందుకు మేనేజర్ దానికి 2,10,000 కట్టిండు. బయట పాత బండ్ల వ్యాపారికి చూపిస్తే 2,55,000 అన్నడు. కొత్తదాంట్ల తగ్గించినట్టు చేసి పాతదాంట్ల గుంజుడు, ఇది ఎడ్ల సంతల మా తాతల కాలం నుంచి ఉన్న పనే. కోడెకు తగ్గించి, ముసలి ఎద్దును నీళ్ల కింద కొనుక్కునేది.

అన్నిటికన్నా పెద్ద బొక్క ఫైనాన్స్ కాడ ఉంది. షోరూంల కూసున్న ఫైనాన్స్ పిలగాడు 5 లక్షలకు "9 శాతమే" అన్నడు, అయిదేండ్లు. ఫ్లాటా అని అడిగితే ఔనన్నడు. ఫ్లాట్ అంటే కట్టినకొద్దీ బాకీ తగ్గినా వడ్డీ మొత్తం 5 లక్షల మీదనే. అయిదేండ్లకు 2,25,000. అదే 9 శాతం, తగ్గిన బాకీ మీద లెక్కేసి, ఆరు నెలలకోసారి సమాన కిస్తీ కట్టితే వడ్డీ సుమారు 1,32,000. తేడా 93,000. మూడు రోజులు తిరిగి బండి ధరల సంపాదించింది మొత్తం ఒక్క సంతకంతోటి పోయేది. నా సొంత అనుభవం చెప్తున్న, 2009ల నేను గిట్లనే 30,000 డిస్కౌంట్ అని సంబురపడి సంతకం పెట్టిన. మూడేండ్లు కట్టినాక కాగితం ఒకాయనతో చదివించుకుంటే తెలిసింది. అప్పటికి ఏమి చేస్తం.

నెల చివర, 29వ తారీఖు, మొదటి షోరూంకే మళ్లీ పోయినం. మిగతా రెండు కొటేషన్లు టేబుల్ మీద పెట్టినం. నోరు ఎక్కువ తెరవలేదు. మావోడు ఒక్క మాట అన్నడు, "అన్నా, సర్వీస్ మీ కాడనే దగ్గర, అందుకే మళ్లొచ్చిన. లెక్క సరిగ్గ చెప్పు." పోట్లాడలేదు, ఎందుకంటే రేపు సీజన్‌లో క్లచ్ ప్లేట్ పోతే వాని కాడికే పోవాలి.

చివరి బిల్లు: ట్రాక్టర్ 7,22,000. ఇన్సూరెన్స్ బయట చేయించుకున్నం, 14,200. డీలర్ దగ్గరనే చేయించుకోవాలని ఏ రూలూ లేదు. రిజిస్ట్రేషన్ రసీదు ఎంతుంటే అంత అన్నం, 9,500 అయింది. బంపర్, హుక్కు ఊరికే, హుడ్‌కు 6,000. హ్యాండ్లింగ్ ఏమిటికో చెప్పుమంటే చెప్పలేదు, కొట్టేసిండు. మొత్తం 7,51,700. మొదటి కాగితానికి, దీనికి 73,300 తేడా. పాత ట్రాక్టర్ బయట అమ్మితే ఇంకో 45,000. అప్పు బ్యాంకులోనే తీసుకున్నడు, పాత బండి పైసలు మార్జిన్‌కు కట్టిండు, రెండెకరాల పాస్‌బుక్ పెట్టే అవసరం రాలేదు. ఛాసిస్ నంబర్ చూసి బండి ఏ నెలలో తయారైందో గూడ రాయించుకున్నం. పోయిన ఏడాది యార్డుల ఎండల నిలబడ్డ బండిని కొత్తదని ఇస్తరు, అది చూసుకోండ్రి.

బిల్లు చేతికిచ్చేటప్పుడు మేనేజర్ మళ్లీ అదే అన్నడు, "ఈ రేటు బయట చెప్పకుండ్రి అన్నా, మీకొక్కలకే."

మావోడు ఇంటికి రాంగనే పేరు, నంబర్ల మీద బొటనవేలు పెట్టి, బిల్లు ఫోటో తీసి మా ఊరి గ్రూపులో పెట్టిండు. రెండో రోజు పక్క ఊరాయన ఫోన్ చేసిండు. అదే షోరూం, అదే మోడల్, పది రోజుల కింద ఆయన 8,12,000 పెట్టి కొన్నడంట. ఆయనకు గూడ "మీకొక్కలకే" అన్నరంట. చానాసేపు ఫోన్‌ల ఏమీ మాట్లాడలేదు పాపం.

నిన్న మా వాడకట్టు పిలగాడు ఒకడు అదే షోరూంకు పోయిండు. ఏ ఊరు అని అడిగి, మేనేజర్ క్యాలిక్యులేటర్ తీయకుండనే కాగితం మీద 7,24,000 అని రాసిచ్చిండంట.